కడిగిన కారుకు క్లెయిమ్

1962. జహీరాబాద్ బస్టాండుకు ఎదురుగా, సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణం పక్కన నాకొక చిన్న గది ఉండేది. గుమ్మం మీది రేకు బోర్డు మీద మోటారు బీమా ఏజెంట్ అని తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించాను. బొంబాయి సడక్ మీద తిరిగే లారీలు, బస్సులే నాకు అన్నం పెట్టేవి. వాళ్లలో చాలామంది తీసుకునేది థర్డ్ పార్టీ పాలసీ. అంటే మన బండి వల్ల ఎదుటివాడికి నష్టం జరిగితే కంపెనీ కట్టుకునేది. చట్టం అడుగుతుంది కాబట్టి దాన్ని తీసుకోక తప్పదు. మన బండికే నష్టం జరిగినా ఇచ్చే కాంప్రహెన్సివ్ పాలసీ అమ్మాలంటే మాత్రం నా గొంతు ఎండిపోయేది. "నా బండి నేను పైలంగ నడుపుకుంట, నీ కంపెనీకి ఎందుకియ్యాలె?" అని ప్రతివాడూ నన్నే నిలదీసేవాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బీమా ఏజెంటుకు ఉండకూడని గుణం అది. అయినా ఆ గుణంతోనే ముప్పై ఏళ్లకు పైగా నెట్టుకొచ్చాను.

మా ఊరి టాక్సీవాళ్లలో నా మాట నమ్మి కాంప్రహెన్సివ్ తీసుకున్న మొదటి మనిషి దేవదానం. దవాఖానలో ఒక డాక్టరమ్మ దగ్గర డ్రైవరుగా చేసేవాడు. ఆమె ఊరు వదిలి వెళ్లేటప్పుడు తన పాత ల్యాండ్‌మాస్టర్ కారును అతనికే అమ్మింది. పర్మిట్ తెచ్చుకుని దాన్ని టాక్సీగా తిప్పుకునేవాడు. నెమ్మది మనిషి. బేరం కుదరకపోయినా నవ్వి ఊరుకునేవాడు. భార్య శాంతమ్మది వేరే స్వభావం. ఆమె ఇంటి ముందు ఎండుటాకు పడి ఉంటే లోపల ఎవరికో ఒంట్లో బాగాలేదని ఇరుగుపొరుగు అనుకునేవాళ్లు. అంత శుభ్రం ఆమెకు.

ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టింది. మొగుడంపల్లి వైపు అల్లం పంట చూసుకోవడానికి వచ్చిన వ్యాపారిని దింపి, దేవదానం ఖాళీ కారుతో తిరిగి వస్తున్నాడు. దారిలో వాగు మీద వంతెన లేదు. వాగు అడుగునే రాళ్లు పరిచి, సిమెంటు పోసిన దారి ఉండేది, నీళ్లు తక్కువున్నప్పుడు బండ్లు దాని మీదుగా దాటేవి. ఆ రోజు నీళ్లు మోకాలి పైకి పారుతున్నాయి. దేవదానం కారును నీళ్లలోకి దింపలేదు. ఒడ్డున ఆపి, తగ్గేదాకా చూద్దామని కూర్చున్నాడు. అంతలో పైన ఎక్కడో చెరువుకు గండి పడింది. వాగు ఒడ్డు దాటి కారు చుట్టూ తిరిగింది. అతను తలుపు తీసుకుని గట్టు మీదికి పరుగెత్తి ప్రాణం దక్కించుకున్నాడు. చూస్తుండగానే కారు అద్దాల దాకా మునిగింది.

మర్నాడు నీళ్లు తీశాక బస్సప్ప అనే రైతు తన ఎడ్లను కట్టి కారును బయటికి లాగించాడు. ఆ ఎడ్లతోనే జహీరాబాద్ దాకా తెచ్చారు. కారును ఎడ్లు లాక్కెళ్తుంటే సడక్ మీది లారీలవాళ్లు హారన్లు కొట్టి మరీ నవ్వుకున్నారట. ఆ నవ్వులు పక్కన పెట్టి దేవదానం చేయాల్సిన పని చేశాడు. నీళ్లు పోయిన ఇంజన్‌ను స్టార్ట్ చేస్తే ఇంకా చెడుతుందని తెలుసు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. కింది నట్టు విప్పి, నీళ్లు కలిసి చాయ్ రంగుకు తిరిగిన ఆయిలంతా వంచేశాడు. తర్వాత నా గదికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"సాబ్, నేను వాగులకు దింపలే. వాగే నా మీదికొచ్చింది."

"పానం దక్కింది గద, గది చాలు. కారు సంగతి కంపెనీ చూసుకుంటది. నువ్వు జర్రంత గూడ ఫికర్ చెయ్యకు" అన్నాను. పాలసీ అమ్మినవాడికి అలాంటి రోజు గొంతు బాగా లేస్తుంది.

క్లెయిమ్ పంపాను. నష్టం జరిగింది, ఇవ్వండి అని కంపెనీని అడగడమే క్లెయిమ్. అది అందాక కంపెనీ సర్వేయర్‌ను పంపుతుంది. ఆయన బండిని చూసి, నష్టం ఎంత, ఎందువల్ల జరిగింది అని రిపోర్టు రాస్తాడు. కంపెనీకి ఆయన కళ్లే కళ్లు. ఆ వానల్లో ఎక్కడ చూసినా బండ్లు దెబ్బతిని, మా సర్వేయర్ రావడానికి వారాలు పట్టింది. చివరికి రేపు వస్తున్నానని ఆయన కార్డు వచ్చే వేళకు నేను హుమ్నాబాద్‌లో ఒక లారీ కేసు మీద ఉన్నాను. పక్క సైకిళ్ల దుకాణంవాళ్లు ఆ కార్డును దేవదానం ఇంటికి పంపించారు. తర్వాత జరిగింది దేవదానం నాకు చెప్పాడు, వింటూ నేను తల పట్టుకున్నాను.

హైదరాబాద్ నుంచి సాబ్ వస్తున్నాడని తెలియగానే శాంతమ్మ కొంగు బిగించింది. వదినలను పిలిచింది, పక్కింటివాళ్లను పిలిచింది. సీట్లు ఊడదీసి కుంకుడుకాయ నురగతో రుద్ది ఎండకు వేశారు. లోపల ఎండిన బురదను గీకి, బిందెల కొద్దీ నీళ్లు పోసి కడిగారు. చింతపండు పెట్టి బంపర్లు తోమారు. వాగు వాసన పోవాలని కారులో సాంబ్రాణి పొగ కూడా వేశారు. దేవదానం ఒకసారి "ఉండనీయే, సాబ్ చూస్తడు గద" అన్నాడట. "ఏం చూస్తడు, మన గలీజు చూస్తడా? గంత దూరం నుంచి వచ్చే పెద్దమనిషికి బురద బండి చూపెడితే మన ఇజ్జత్ ఏమైతది?" అని శాంతమ్మ అతని నోరు మూయించింది.

మర్నాడు వచ్చిన సర్వేయర్ కారు చుట్టూ తిరిగాడు. "ఇది వాగులో మునిగిన కారా, పెళ్లికొడుకును తేవడానికి పోతున్న కారా?" అన్నాడు. హ్యాండిల్ పెట్టి తిప్పితే ఇంజన్ కదల్లేదు. వారాల తరబడి నిలబడిపోయి లోపల తుప్పు పట్టింది. ఆయిల్ చూస్తే చుక్క లేదు. "ఆయిల్ పోయకుండా నడిపి ఇంజన్ పట్టేయించుకున్నావు. ఇప్పుడు వాగు మీదికి నెడుతున్నావు" అని, నేనే వంచేశానన్న దేవదానం మాట వినకుండానే సర్వేయర్ తేల్చేశాడు. శాంతమ్మ కోడికూర వండి పెట్టింది. ఆయన మంచినీళ్లు కూడా ముట్టకుండా బస్సెక్కాడు.

దసరా దాటాక కంపెనీ జవాబు వచ్చింది. నష్టం వరద వల్ల కాదు, వేర్ అండ్ టేర్ వల్ల అని రాశారు. వాడకంలో అరిగి చెడిపోవడాన్ని మా వృత్తిలో అలా అంటారు, దానికి ఏ పాలసీ కూడా పైసా ఇవ్వదు. కింద ఇంకో వాక్యం ఉంది, పాలసీదారు తప్పుడు సమాచారం ఇచ్చాడని. ఇంగ్లీషులో ఉన్న ఆ ముక్కను దేవదానానికి తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

"అంటే నేను అబద్ధమాడిన్నంటున్నరా సాబ్?"

"కంపెనీ రాత గట్లనే ఉంటది" అన్నాను. ఆ వారమే అతను షోలాపూర్ లారీ మీద రెండో డ్రైవరుగా ఎక్కాడు. తన కారు ఇంటి ముందు నిలబడి ఉండగా ఇంకొకడి బండికి చాకిరీ మొదలుపెట్టాడు. పైగా బస్టాండులో ఒకడు నా ముందే, "దేవదానం కంపెనీకి టోపీ పెట్టబోయి దొరికిండంట గద" అన్నాడు. వాణ్ని నానా మాటలూ తిట్టి గది ముందు నుంచి పంపించాను. తిడితే క్లెయిమ్ రాదని నాకూ తెలుసు.

అంతకంటే ఘోరం శాంతమ్మ పరిస్థితి. వాడకట్టులో అందరూ ఆమెనే అన్నారు, కడిగి కొంప ముంచినవని. ఆమె కారును ముట్టుకోవడం మానేసింది. అద్దం మీద వేలితో గీత గీస్తే నిలబడేంత దుమ్ము పేరుకుంది, కోళ్లు ముందు సీటు మీదికెక్కి కూర్చుంటున్నాయి. ఆమె చూసి కూడా తోలేది కాదు. ఒక రోజు నా గదికి వచ్చింది.

"తప్పు నాది సాబ్. ఆయన వద్దనే అన్నడు, నేనే ఇనలే. నన్ను గా కంపెనీ కాడికి తీస్కపోండ్రి. నేను కడిగిన అని నేనే చెప్పుకుంట. ఆయనను అబద్ధాలోడు అనొద్దని చెప్త."

"నువ్వు రావద్దమ్మా, నేను పోత. తాడో పేడో నేనే తేల్చుకొనొస్త" అన్నాను.

హైదరాబాద్‌లో మా మేనేజరు నన్ను కూర్చోమనలేదు. "మీరు కంపెనీ మనిషా, పార్టీ మనిషా?" అని అడిగాడు. పాలసీ తీసుకున్నవాణ్ని మేం పార్టీ అంటాం.

"కంపెనీ మాటనే పార్టీకి చెప్పి పాలసీ అమ్మాను సార్. ఆ మాట నిలబెట్టమంటున్నాను" అన్నాను. మాకు ఎప్పుడూ చూపించే షరతునే ఆయన ముందు పెట్టాను. నష్టం జరిగాక బండి ఇంకా పాడవకుండా యజమాని తగిన జాగ్రత్త తీసుకోవాలి అన్నదే ఆ షరతు. "ఆయిల్ తీయకుండా, బురద తీయకుండా ఉంచితే జాగ్రత్త తీసుకోలేదని ఇదే షరతు చూపించి కొట్టేసేవారు. తీస్తే ఆనవాలు లేదంటున్నారు. ఉంచినా తప్పు, తీసినా తప్పు అంటే వాళ్లు ఎట్లా బతకాలి సార్?"

మేనేజరు నెమ్మదిగా అన్నాడు. "జాగ్రత్త కోసమైతే మునిగిన మర్నాడే కడిగేవారు. సర్వేయర్ వస్తున్నాడని తెలిశాక కడిగారు. దాచడానికి కాకపోతే అంత ఆదరాబాదరాగా ఎందుకు కడుగుతారు?"

"ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడని కడిగారు సార్."

మేనేజరు పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉన్నమాటే చెప్పాను, కానీ ఆ గదిలో కూర్చుని వింటే అది కట్టుకథలాగే ఉంది. ఆ మాట జహీరాబాద్‌లో వింటే ఎవరూ నవ్వరు. అందుకే అక్కడికి ఇంకో మనిషిని పంపమని పట్టుబట్టాను. దాన్ని రీ-సర్వే అంటారు, మొదటి రిపోర్టు మీద నమ్మకం లేనప్పుడు మళ్లీ చూడడం. ఆయన సరే అంటూనే మెలిక పెట్టాడు. రెండో రిపోర్టు కూడా ఇలాగే వస్తే నా ఏజెన్సీ గురించి కంపెనీ ఆలోచించుకోవాల్సి వస్తుందట. ఆలోచించుకోండి అని లేచి వచ్చాను.

ఊరికి రాగానే కారు మీద టార్పాలిన్ కప్పి, తాడు నేనే బిగించాను. "ఇగ జూడు శాంతమ్మా, చుక్క నీళ్లు దీని మీద పడొద్దు. సాబ్ వచ్చి విప్పమనేదాక విప్పొద్దు" అన్నాను. "నేను దాని దిక్కే చూడ సాబ్" అంది.

కార్తీకంలో వామన్‌రావు గారు వచ్చారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మరాఠీ ఆయన, కంపెనీలో క్లెయిమ్స్ ఆఫీసరు, వయసు మళ్లినవారు. నల్ల కోటు, చేతిలో గొడుగు. నేను స్టేషన్‌కు వెళ్లి తీసుకొచ్చాను. దారిలో ఆయన నాతో ముక్తసరిగా మాట్లాడారు, నేను పార్టీ తరఫు మనిషినని చెప్పి పంపినట్టున్నారు.

దేవదానం ఇల్లున్న సందు మలుపు తిరగగానే నేను నిలబడిపోయాను. సందు మొత్తం ఊడ్చి కల్లాపి చల్లి ఉంది. ఇంటి ముందు అలికి ఉంది. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. గుమ్మంలో చాప, చాప మీద ఉతికిన దుప్పటి. కొట్టం కాడి మేకను కూడా కడిగారు, అది ఎండలో నిలబడి వణుకుతోంది. మధ్యలో మా టార్పాలిన్ ఒక్కటే దుమ్ముకొట్టుకుని ఉంది. ఈమె మళ్లీ మొదలుపెట్టింది, ఇక నా ఏజెన్సీ గంగపాలే అనుకున్నాను.

వామన్‌రావు గారు తల వంచి లోపలికి వెళ్లబోతే భుజం దర్వాజ పక్క గోడకు తగిలింది. నల్ల కోటు మీద తెల్లటి సున్నం పట్టె పడింది. గోడ ఇంకా తడిగానే ఉంది. శాంతమ్మ కొంగుతో తుడవబోయి, పరాయి మగమనిషి అని ఆగిపోయి, సిగ్గుతో చచ్చిపోయింది. లారీ పనికి సెలవు పెట్టి వచ్చిన దేవదానం పరుగున గుడ్డ తెచ్చాడు. ఆయన గుడ్డ తీసుకోలేదు. కోటును, గోడను మార్చి మార్చి చూశారు.

"ఇంట్ల పండుగ ఉన్నదా అమ్మా?"

"లేదు సాబ్. మీరొస్తున్నరని."

"నేనొస్తున్ననని సున్నమేసినవా?"

"క్రిస్మస్‌కు వేసేదే సాబ్. మీరొస్తున్నరని జర ముందల వేసినం."

ఆయన కోటు మీది సున్నాన్ని వేలితో తాకి చూశారు. "మరి మొదట ఒకాయన వచ్చిండు గద, అప్పుడు గూడ సున్నమేసినవా?"

"యాడ సాబ్, కార్డు వచ్చిన తెల్లారే దిగిండాయె. సున్నం తెచ్చే టైం దొరకలే. కారొక్కటే కడుక్కున్నం."

వామన్‌రావు గారు నా వైపు తిరిగారు. ఆయన మీసాల కింద నవ్వు కదిలింది. "మేనేజరు సాబ్‌కు నువ్వు చెప్పింది గిదేనా?" అన్నారు. "గిదే సార్" అన్నాను, ఇంకేమైనా అంటే నోరు జారుతానని. "విప్పు మరి" అన్నారు.

టార్పాలిన్ తీశాం. ఆయన బయట ఏమీ చూడలేదు. తలుపు లోపలి వైపు ఉండే అట్టను మేకులు తీసి విప్పమన్నారు. బస్టాండు మెకానిక్కును పిలిపించి విప్పించాం. అట్ట ఊడగానే రేకుల మధ్య నుంచి ఎండిన ఒండ్రు పెళ్లలు పెళ్లలుగా కింద రాలింది. అందులో వరి గడ్డి పోచలు, చిన్న నత్తగుల్ల. నాలుగు తలుపుల్లోనూ అంతే. ఎంత కడిగినా బిందెతో పోసిన నీళ్లు అక్కడికి చేరవు. ఇంజన్ మూత ఎత్తిస్తే సిలిండర్ల గోడలు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. ఆయిల్ లేకుండా నడిపిన ఇంజన్ లోపల గీతలు పడతాయి, ఇందులో గీతలు లేవని ఆయన దేవదానానికే వేలు పెట్టి చూపించారు. మొదటి సర్వేయర్‌కు ఇదంతా తెలియక కాదు. బయట చూసిందే చాలనిపించి, లోపలికి పోలేదు.

ఒండ్రు పెళ్ల ఒకటి కాగితంలో కట్టుకుని వామన్‌రావు గారు చేతులు కడుక్కున్నారు. శాంతమ్మ అన్నం పెడతానంది. ఆయన చేతులు జోడించారు.

"నేను తినగూడదు బిడ్డా. పార్టీ ఇంట్ల తింటే నా రిపోర్టు చెల్లది. గాయన గూడ అందుకే తినలేదు, నీ అన్నం బాగలేక కాదు."

"మరి కడిగింది తప్పే గద సాబ్?" అని అడిగింది ఆమె, తల వంచుకుని.

"వచ్చెటోనికి మర్యాద చేసినవ్, దాంట్ల తప్పేమున్నది? మర్యాద తెల్వనిది మాకు" అన్నారు. ఆఫీసరు నోట అలాంటి మాట నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

సంక్రాంతి దాటాక జవాబు వచ్చింది. పాత భాగాలు అరిగిన మేరకు తగ్గించి, ఇంజన్ బాగు చేయించేందుకు, సీట్లకు కంపెనీ ఒప్పుకుంది. ముందు రాసిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు చివర ఒక వాక్యం ఉంది. దేవదానం షోలాపూర్ నుంచి రాగానే అతనికి చదివి చెప్పాను. ఎంత ఇస్తారని అడగకుండా ఆ చివరి వాక్యాన్నే మళ్లీ చదవమన్నాడు. చదివాను. "బస్, చాలు సాబ్" అని ముఖం అటు తిప్పుకున్నాడు.

ఇద్దరం కలిసి ఇంటికి వెళ్లాం. శాంతమ్మ కారుకు దూరంగా, అరుగు మీద బియ్యం ఏరుకుంటోంది. కంపెనీ ఒప్పుకుందని నేనే చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి లేచింది. కారు మీద పేరుకున్న దుమ్మును, సీటు మీది కోడి ఈకలను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది.

"ఇప్పుడు కడుగొచ్చా సాబ్?" అంది.

"కడుగమ్మా" అన్నాను. ఆమె బిందె తీసుకుని బావి వైపు నడిచింది.

ఆ కేసు తర్వాత నా పని తీరు మారింది. ఏ సర్వేయర్ వచ్చినా ఆయన కంటే ముందు నేను పార్టీ ఇంట్లో ఉండేవాణ్ని, హుమ్నాబాద్‌లో లారీ కాదు, రైలే పడిపోయినా సరే. పాలసీ కాగితం కూడా మగవాడి చేతిలో పెట్టి రావడం మానేశాను. ఇంటి ఆడవాళ్లను పిలిచి, రేపు బండికి ఏదైనా అయితే సాబ్ వచ్చి చూసేదాకా మట్టి తుడవొద్దని, నెత్తురున్నా తుడవొద్దని చెప్పేవాణ్ని. చిరాగ్‌పల్లిలోనైనా, మొగుడంపల్లిలోనైనా, వాళ్లది గుడికి పోయే ఇల్లైనా, చర్చికి పోయే ఇల్లైనా, ప్రతి చోటా ఆడవాళ్లు నన్ను ఎగాదిగా చూసి ఒకే మాట అడిగేవాళ్లు: "గలీజు ఉంచితే వచ్చే సాబ్ ఏమనుకుంటడు?"

"ఏమన్న అనుకోనీయమ్మా. మీరెందుకు ఉంచిన్రో ఆయనకు నేను చెప్పుకుంట" అనేవాణ్ని. బీమా ఏజెంటు పని అదేనని నాకు నేర్పింది శాంతమ్మ.